జాకీ ఎత్తుతుంది, మొయ్యదు

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడు ఒక్క భుజాలు తడుముకుని ఊరుకుంటాడు. బుజ్జికి నిన్నటి నుంచి ఒళ్లంతా తడుముకోవాలనే ఉంది. కారు షెడ్డు గుమ్మంలో గోడకి అంటుకుని, రెండు చేతులూ జేబుల్లో దాచుకుని, లోపల మాట్లాడుకుంటున్న ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఒకరు ఇన్‌స్పెక్టర్. ఇంకొకరు అక్క పిలిపించిన డిటెక్టివ్. నెరిసిన జుట్టు, కాళ్లకి కాన్వాసు బూట్లు, భుజాన గుడ్డసంచి. చూస్తే కూరగాయలకి బయల్దేరిన పెద్దావిడలా ఉంది. వచ్చిన దగ్గర్నుంచి ఒక్క వస్తువునీ ముట్టుకోలేదు. కళ్లతోనే షెడ్డంతా ఊడ్చేస్తోంది.

"సంతకం పెట్టేయమ్మా, ఒక పని అయిపోతుంది," అంటూ ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని కారు బానెట్ మీద పరిచాడు. "జాకీ లీకైంది. కారు కుంగింది. మీ ఆయన కింద ఉన్నారు. ప్రమాదం. ఎవరి తప్పూ లేదు. ఉంటే గింటే ఆయనదే."

"ముందు ఆ చెయ్యి తియ్యండి," అంది డిటెక్టివ్.

"ఏ చెయ్యి?"

"కారు మీద ఆనించిన చెయ్యి. ఒక చక్రం ఊడి, ఉత్త జాకీ మీద నిలబడిన కారు అది. మీరు దాని మీద వాలి, అది ఎందుకు పడిందో మాకు చెబుతున్నారు."

ఇన్‌స్పెక్టర్ తేలు కుట్టినట్టు వెనక్కి గెంతాడు. కాగితం కింద పడింది. అక్క దాన్ని తియ్యలేదు. చీర కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆయన జాకీని నమ్మే మనిషి కాదు మేడమ్," అంది. "నన్ను నమ్ముతారో లేదో తెలీదు గానీ, జాకీని మాత్రం ఛస్తే నమ్మరు. స్టాండ్లు పెట్టకుండా కారు కింద చెయ్యి కూడా పెట్టరు."

"అయితే అవేంటమ్మా?" ఇన్‌స్పెక్టర్ షెల్ఫు వైపు చూపించాడు. మూడు కాళ్ల ఇనప స్టాండ్లు రెండు, పక్కపక్కనే, బుద్ధిమంతుల్లా కూర్చుని ఉన్నాయి. "చేతికందేంత దూరంలో ఉన్నాయి. బద్ధకించి తియ్యలేదు. ఊరందరికీ డ్రైవింగ్ నేర్పే మాస్టారు! ఈత నేర్పేవాడే నీళ్లలో మునిగాడని నవ్వుకుంటున్నారు జనం."

బుజ్జి తల దించుకున్నాడు.

ఆ స్టాండ్లు నిన్న పొద్దున్న ఆ షెల్ఫు మీద లేవు. ఆ సంగతి ఈ లోకంలో బుజ్జి ఒక్కడికే తెలుసు. అతను సైన్‌బోర్డులు రాస్తాడు. మొన్న సాయంత్రం పొడవాటి బోర్డొకటి ఆనించి రాయడానికి ఏదీ దొరక్క, బావ ఇంట్లో లేని సమయం చూసి వాటిని పట్టుకుపోయాడు. అడిగితే బావ ఇవ్వడు. "స్టాండు కారు కోసం పుట్టింది, నీ బోర్డు కోసం కాదురా," అంటాడు. పొద్దున్నే తెచ్చి పెట్టేద్దామనుకున్నాడు. తెచ్చేసరికి బావ కారు కింద ఉన్నాడు. అక్కా తనూ కలిసి బావని బయటికి లాగాక, అక్క గేటు దగ్గరికి పరిగెత్తింది, ఆంబులెన్సుకి దారి చూపించడానికి. ఆ కాస్త సందులో బుజ్జి స్కూటరు మీది స్టాండ్లు తెచ్చి షెల్ఫు మీద పెట్టేశాడు. ఎందుకు పెట్టావంటే చెప్పలేడు. భయపడ్డ చేతులు చేసిన పని. అప్పట్నుంచి ఆ రెండు ఇనప ముక్కలూ బావ మీద అబద్ధపు సాక్ష్యం చెబుతూనే ఉన్నాయి, బావ ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అంది డిటెక్టివ్, "మనిషిని బయటికి తియ్యడానికి నిన్న ఈ జాకీనే మళ్లీ పైకి కొట్టారు కదా. ఆ తర్వాత ఎవరైనా దించారా?"

"లేదు. పిడి కూడా ముట్టుకోనివ్వలేదు. నా మనిషిని కాపలా పెట్టాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొప్పగా.

"మరి నిన్నటి నుంచి ఎందుకు కుంగలేదు?"

ఇన్‌స్పెక్టర్ వంగి జాకీకేసి చూశాడు.

"మాస్టార్ని చూసి లీకై, పోలీసుని చూసి మానేసిందా?"

"పాత జాకీ మేడమ్. ఒకసారి కుంగుతుంది, ఒకసారి కుంగదు. ముసలోళ్ల మోకాళ్లలాంటిది," అన్నాడు, ఆవిడ బూట్లకేసి చూస్తూ.

"నిజమే. మోకాళ్లనీ జాకీలనీ నమ్మకూడదు. అందుకే దాని కిందకి నేను తల పెట్టను." ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. "బాబూ, నిన్నే. ఆ స్టాండ్లు తీసుకురా. మీ బావ ఎలా పెట్టేవారో అచ్చం అలాగే పెట్టు. చూడాలనుంది నాకు."

బుజ్జి కాళ్లీడ్చుకుంటూ వెళ్లి స్టాండ్లు తెచ్చాడు. నిన్న బండరాళ్లలా బరువున్నాయి. ఈ రోజు ఇంకా బరువెక్కాయి.

బావ పక్కన నిలబడి చెబుతున్నట్టే ఉంది. నేల చదునుగా ఉందా? ఉంది, సిమెంటు గచ్చు. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉందా? కిటికీలోంచి చూశాడు, ఉంది. గేరు వేసి ఉంది. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క అడ్డాలు బిగించి ఉన్నాయి. బావ నిన్న ఇవన్నీ చేసే కిందకి వెళ్లాడు. బుజ్జి మోకాళ్ల మీద కూర్చుని, జాకీ చిన్న చక్రాల ముందు గచ్చుని అరచేత్తో తుడిచాడు.

"అదెందుకు?" అంది డిటెక్టివ్.

"కారు లేస్తుంటే జాకీ కొంచెం లోపలికి నడుస్తుందండీ. నడవనివ్వాలి. రాయి అడ్డుపడితే జాకీ ఆగిపోయి కారు జారుతుంది."

పిడి పట్టుకుని రెండు మూడుసార్లు కొట్టాడు. కారు మూలుగుతూ ఇంకాస్త లేచింది. కారు అంచు కింద రేకు మడత పడి గట్టిగా ఉన్నచోట, జాకీ పక్కనే ఒక స్టాండు నిలబెట్టి, దాని తల పైకి లాగాడు. దాని పన్ను గాడిలో పడిన చప్పుడైంది. అప్పుడు పిడిని వెంట్రుకవాసి వదులు చేశాడు. కారు నెమ్మదిగా దిగి, కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిలా స్టాండు మీద కూర్చుంది. రెండో వైపూ అలాగే ఎత్తి పెట్టాడు. జాకీని మళ్లీ మొదటి వైపుకే తెచ్చి, అంచుకి ఆనీ ఆననట్టు తోడుగా ఉంచాడు. చివరికి రెండు చేతులతో కారుని పక్క నుంచి బలంగా తోశాడు. కదల్లేదు.

"ఎందుకు తోశావు?"

"ఇప్పుడు పడితే ఇనుము మీద పడుతుంది, తర్వాత పడితే నీ మీద పడుతుందనేవాడు బావ." బుజ్జి చేతులు జేబుల్లో దూర్చుకున్నాడు. "జాకీ ఎత్తడానికి, స్టాండు మొయ్యడానికి. ఒకళ్ల పని ఇంకొకళ్లకి చెప్పకూడదనేవాడు."

డిటెక్టివ్ స్టాండు పక్కన వంగింది. సంచిలోంచి పుల్ల ఒకటి తీసి, స్టాండు మెడ మీది పళ్ల సందులో గీకింది. పుల్ల చివర పసుపురంగు అంటుకుంది. మెత్తగా, ఇంకా పూర్తిగా ఆరని పెయింటు.

"కారు నీలం. జాకీ ఎరుపు. షెడ్డుకి సున్నం. ఈ పసుపు ఎక్కడిది?" ఆవిడ గొంతు ఏమాత్రం పెరగలేదు. "చేతులు జేబుల్లోకి మళ్లీ ఎప్పుడెళ్లాయి నాన్నా? ఒకసారి గోళ్లు చూపించు."

బుజ్జి చేతులు బయటికి తీశాడు. తియ్యగానే మాట కూడా బయటికొచ్చేసింది. ఎక్కడా ఆగలేదు. తీసుకెళ్లడం, తెల్లారి ఆలస్యంగా లేవడం, షెల్ఫు మీద పెట్టేయడం, కిరసనాయిలుతో తుడవడం, అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ అక్క మొహం చూడలేదు.

"తీసుకెళ్తే తీసుకెళ్లావు," అంది అక్క చివరికి. అరవలేదు. అరిచినా బాగుండేది. "నిన్నటి నుంచి అందరూ ఆయన్ని నిర్లక్ష్యం మనిషి, బద్ధకం మనిషి అంటుంటే, నా పక్కనే కూర్చుని విన్నావు కదరా బుజ్జీ."

భూమి విడిపోతే దూరిపోదామనిపించింది బుజ్జికి. గచ్చు గట్టిగా ఉంది, విడిపోలేదు.

"అదీ సంగతి!" ఇన్‌స్పెక్టర్ ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "కేసు మారింది. సామాను దొంగతనం, సాక్ష్యం తారుమారు. పద స్టేషన్‌కి. మీసాలొచ్చి నెరవబోతున్నాయి, ఇంకా బుజ్జి ఏంట్రా నువ్వు?"

బుజ్జి తనే చేతులు ముందుకి చాపాడు. జైల్లో వేస్తే ఈ అక్క ముందు నిలబడే బాధ తప్పుతుంది.

డిటెక్టివ్ ఆ చేతుల్ని పుల్లతో కిందకి నొక్కింది. "శిక్ష మీద అంత ఆత్రం పనికిరాదు. నువ్వు నీ తప్పుని కావలించుకుని కూర్చుంటే, దాని చాటున ఇంకొకడు హాయిగా తిరుగుతాడు. ఏడుపు తర్వాత. ముందు చెప్పు, నువ్వొచ్చేసరికి ఏం చూశావు?"

"కారు నేలకి దిగిపోయి ఉంది. అక్క పెద్ద చప్పుడు విని వంటింట్లోంచి వచ్చినట్టుంది, అరుస్తోంది. నేను జాకీ పిడి పట్టుకుని కొట్టాను. లేవలేదండీ. పిడి ఖాళీగా ఊగింది."

"ఊగిందా?"

"అప్పుడు చూస్తే జాకీని దించే వాల్వు వదిలేసి ఉంది. పిడి తిప్పి బిగించాను. ఒక చుట్టుకి పైనే తిప్పాల్సొచ్చింది. అప్పుడు గానీ లేవలేదు."

ఇన్‌స్పెక్టర్ మొహంలో ఉత్సాహం ఆరిపోయింది. "ఇది నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వెందుకొచ్చావు ఆ టైముకి అంటారని."

"లీకయ్యే జాకీ వాల్వు బిగించే ఉంటుంది," అంది డిటెక్టివ్. "వదిలేసిన వాల్వుని ఎవరో వదలాలి. కింద పడుకున్న మనిషికి బయటున్న పిడి అందదు. ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోండి." ఆవిడ మళ్లీ బుజ్జి వైపు తిరిగింది. "ఒకటి నాకు అర్థం కాలేదు. స్టాండ్లు కనిపించకపోతే మీ బావ ఏం చెయ్యాలి? పని మానెయ్యాలి. మానలేదు. మరి ఏ అడ్డూ లేకుండా ఊరికే దూరారా?"

"ఊరికే దూరడండీ." ఇది మాత్రం బుజ్జి తడుముకోకుండా చెప్పాడు. "విప్పిన చక్రాన్ని పడుకోబెట్టి, అంచు కిందకి తోసేవాడు. స్టాండ్లున్నప్పుడు కూడా అదీ పెట్టేవాడు. అన్నీ మోసం చేసినా చక్రం మోసం చెయ్యదు, కారు దాని మీద ఆగుతుంది, నాకు ఊపిరాడేంత చోటుంటుంది అనేవాడు."

"నువ్వొచ్చేసరికి చక్రం ఎక్కడుంది?"

"అదుగో. అక్కడే."

చక్రం గోడకి చేరగిలబడి నిలబడి ఉంది. డిటెక్టివ్ దాని ముందు గొంతుక్కూర్చుంది. టైరు పక్క భాగం మీద నల్లటి నూనె బొట్లు, చిన్న చిన్న బొత్తాముల్లా.

"ఇవి చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. నిలబడిన చక్రం మీద నూనె పడితే కిందికి కారుతుంది. ఇవి పడ్డచోటే గుండ్రంగా ఆరిపోయాయి. చక్రం పడుకుని ఉండగా, పైన కారు ఉండగా పడ్డ బొట్లు. ఎవరో వచ్చారు. చక్రం బయటికి లాగి గోడకి పెట్టారు. ఆ వెంటనే పిడి తిప్పారు. చక్రం గచ్చు మీద రాసుకున్న చప్పుడు మాస్టారికి వినిపించలేదా?"

"రేడియో పెట్టుకుంటారండీ పని చేసేటప్పుడు," అంది అక్క. "పెద్దగా."

ఆ మాటకి బుజ్జి గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. బావ పడింది తన వల్ల కాదు. మరుక్షణమే సిగ్గేసింది. ఎవరో తన బావని చంపాలని చూశారన్న కబురు విని తేలికపడే మనిషి ఎలాంటి మనిషి? పైగా ఆ పిడి సంగతి నిన్ననే చెప్పి ఉంటే ఆ వచ్చినవాడు ఈపాటికి దొరికి ఉండేవాడు.

"ఇక మిగిలింది ఒకటే," అంది డిటెక్టివ్. "చంపాలనుకునేంత కారు కింద ఏముందని? నా నడుము అంత వంగదు. ఇన్‌స్పెక్టర్ గారి పొట్ట పట్టదు. నువ్వు దూరు."

బుజ్జి కారుని మళ్లీ తోసి చూశాడు. ఇంకోసారి తోశాడు. తర్వాత వెల్లకిలా పడుకుని, మడమలతో తన్నుకుంటూ లోపలికి జరిగాడు. ముక్కుకి జానెడు దూరంలో నల్లటి ఇనుము. నూనె వాసన, మట్టి వాసన. బావ చివరగా చూసింది ఇదే. ఊపిరి బిగబట్టి, టార్చి వేశాడు.

ఇంజను కింది రేకు ఒక మూల చీలి వేలాడుతోంది. ఆ చీలికలో గుడ్డ ముక్క ఇరుక్కుని ఉంది. బావ చాకు కూడా అక్కడే గుచ్చుకుని ఉంది. సగం కోశాడు, మిగతా సగం కొయ్యలేకపోయాడు. బుజ్జి జాగ్రత్తగా కోసి, దాన్ని పట్టుకుని బయటికొచ్చాడు.

నీలం ఉన్ని శాలువా ముక్క. అంచున తెల్ల దారంతో కుట్టిన పూలు. మధ్యలో అట్టలు కట్టిన గోధుమరంగు మరక.

"ఇదా మాస్టారి కంటబడింది!" అంటూ డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కేసి చూసి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసేశాడు. ముక్కని పట్టుకోవడానికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "ఈ శాలువా మిగతా భాగం నా స్టేషన్‌లో ఉంది," అన్నాడు నెమ్మదిగా. "పాలు పోసే ముసలమ్మది. పోయిన వారం పెద్ద రోడ్డు మీద ఏదో బండి గుద్ది ఆపకుండా పోయింది. కూతురు రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. బండి దొరకలేదు, సంతకం పెట్టి వెళ్లమ్మా అని ఆమెకీ కాగితమే ఇచ్చాను."

ఈసారి డిటెక్టివ్ ఎగతాళి చెయ్యలేదు. "అమ్మా, ఈ కారు ఎవరు నడుపుతారు?"

"ఇది మా డ్రైవింగ్ స్కూలు బండి," అంది అక్క. "మా ఆయనా, ఆయన పార్ట్‌నరూ కలిసే స్కూలు నడుపుతారు. నేను అన్నయ్య అని పిలుస్తాను. ఈ బండి అన్నయ్య దగ్గరే ఉంటుంది. కింద ఏదో గీకుతున్న చప్పుడొస్తోందని, అన్నయ్య ఊళ్లో లేనప్పుడు ఈయనే తెచ్చారు. నిన్న పొద్దున్న అన్నయ్య ఫోన్ చేసి, బండి ఎక్కడుందని అడిగాడు." అక్క గోడ పట్టుకుంది. "ఇంట్లోనే ఉంది, ఆయన కింద దూరి చూస్తున్నారని నేనే చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను మేడమ్."

"ఆ తర్వాత ఆ పార్ట్‌నర్‌ని ఎప్పుడు చూశారు?"

"ఆంబులెన్సు కంటే ముందే వచ్చేశాడు. బుజ్జి ఫోన్ చేసుంటాడనుకున్నాను."

"నేను చెయ్యలేదక్కా," అన్నాడు బుజ్జి. "నువ్వు చేశావనుకున్నాను."

అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిన్నటి నుంచి బుజ్జి ఆమె కళ్లలోకి చూడటం ఇదే మొదలు.

"ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆస్పత్రిలో, ఆయన దగ్గరే," అంది అక్క. "రాత్రంతా నాతోపాటే కూర్చున్నాడు. పొద్దున్న నన్ను బలవంతంగా పంపాడు. కాస్త తిని పడుకో చెల్లెమ్మా, నేనున్నానుగా అని."

ఇన్‌స్పెక్టర్ మాట పూర్తిగా వినకుండానే జీపు వైపు పరిగెత్తాడు. బుజ్జి ఫోన్ తీశాడు. వార్డు నర్సు నంబరు పైనే ఉంది, గంటకోసారి చేస్తూనే ఉన్నాడు కదా. డిటెక్టివ్ స్పీకరు నొక్కమని సైగ చేసింది.

"బుజ్జిగారా! నూరేళ్లు మీకు, ఇప్పుడే మీకే చెయ్యబోతున్నాను," అంది నర్సు సంతోషంగా. "మాస్టారు కళ్లు తెరిచారు. మాట కూడా వచ్చింది. ముందు మీ పేరే పలికారు తెలుసా? స్టాండ్లు మా బుజ్జిగాడు పట్టుకెళ్లుంటాడు, పాపం వాణ్ణి ఎవరూ ఏమీ అనొద్దు అన్నారు."

బుజ్జి కళ్లు మసకబారాయి.

"ఇంకా ఏదో చెప్పబోయారు. చక్రం లాగిన చెయ్యి చూశాను, ఉంగరం చూశాను అని. రాత్రంతా కూర్చున్న మీ పెద్దాయన పక్కనే ఉన్నారుగా, ఇంక మాట్లాడించొద్దు, నిద్రపోనివ్వండి అన్నారు. నన్ను మందులకి పంపారు. ఇదిగో, తెచ్చాను, గది ముందే ఉన్నాను."

మాట్లాడమని అక్క భుజం పట్టి కుదిపింది. నిన్నంతా నోరు మూసుకున్న మనిషికి ఒక్కసారిగా నోరు తెరవడం ఎంత కష్టమో బుజ్జికి తెలిసింది. తెరిచాడు.

"సిస్టర్! తలుపు తొయ్యండి! మా బావని చంపబోయింది అతనే! అరవండి, అందర్నీ పిలవండి, తొయ్యండి తలుపు!"

ఫోన్‌లో మందుల సీసా పగిలిన చప్పుడు. తలుపు మీద అరచేతుల చప్పుడు, ఒకసారి, మళ్లీ, మళ్లీ. బయట జీపు ఇంజను అందుకుంది.

నర్సు గొంతు మళ్లీ వినిపించింది. ఈసారి గుసగుసలా ఉంది.

"లోపల గడియ వేసుందండీ."